ఇంపాక్ట్ లాంటి లావు ఫాంట్ తెలుగులో ఎందుకు ముద్దవుతుంది, దానికి ఏం చేయాలి

మీరు అడిగింది ఇది: కబడ్డీ టోర్నమెంటుకి 20 × 10 అడుగుల ఫ్లెక్స్. ఇంగ్లీషులో కబడ్డీ అని ఇంపాక్ట్ ఫాంట్‌లో పెడితే గోడ కట్టినట్టు నిలబడింది. దాని కింద తెలుగులో ‘రాష్ట్రస్థాయి కబడ్డీ పోటీలు’ అని ఒక లావు ఫాంట్‌లో పెట్టి, ఒకే లైనులో పట్టడానికి వెడల్పుని 60 శాతానికి నొక్కారు. అది ముద్దలా తయారైంది. తెలుగులో ఇంపాక్ట్‌కి సమానమైన ఫాంట్ ఏది, ఇలాంటివి అసలు ఎక్కడ వాడాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అచ్చంగా ఇంపాక్ట్ లాంటి తెలుగు ఫాంట్ కోసం వెతకడం ఆపేయండి. ఇంపాక్ట్ ఇంగ్లీషు అక్షరాలకున్న ఒక ఇబ్బందిని తీర్చడానికి పుట్టింది. మీ తెలుగు హెడ్డింగ్‌కి ఆ ఇబ్బందే లేదు. దాని ఇబ్బంది వేరు, దానికి చేయాల్సిందీ వేరు. నేను ఇరవై ఏళ్ళకు పైగా డీటీపీ, వాల్‌పోస్టర్లు, ఫ్లెక్స్ పనిలో ఉన్నాను. మీరు నొక్కినట్టే నేనూ చాలా ఏళ్ళు నొక్కాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఇంపాక్ట్ సంగతి. దీన్ని గీసిన జెఫ్రీ లీ ప్రకటనల రంగంలో పనిచేసిన డిజైనర్. 1965లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి చెందిన స్టీఫెన్‌సన్ బ్లేక్ అనే టైప్ ఫౌండ్రీ దీన్ని లోహపు అచ్చులుగా పోసి అమ్మింది. లీ పెట్టుకున్న లక్ష్యం చాలా సూటైనది. ఇచ్చిన సైజులో కాగితం మీద ఎంత ఎక్కువ సిరా పడగలదో అంతా పడాలి, చిన్నబడి (స్మాల్) అక్షరాలు ఎంత ఎత్తుకి పోగలవో అంత ఎత్తుకీ పోవాలి. ఈ మాట మనసులో పెట్టుకుని మీ కంప్యూటర్‌లో ఇంపాక్ట్‌ని తెర నిండా పెద్దది చేసి చూడండి. నిలువు గీతలు దూలాల్లా ఉంటాయి. వాటి మధ్య ఖాళీ సన్నని చీలికలా మిగులుతుంది. చిన్నబడి అక్షరాలు దాదాపు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల దగ్గరిదాకా వస్తాయి. పైకి లేచే కొమ్ములు పొట్టి, కిందికి దిగే తోకలు ఇంకా పొట్టి. అందుకే రెండు లైన్లని దాదాపు తగిలేలా పేర్చినా ఒకదాన్నొకటి గుద్దుకోవు.

ఇప్పుడు ఇంగ్లీషు చిన్నబడి ‘e’ అక్షరం ఒక్కదాన్నే జూమ్ చేయండి. పైన ఒక వంపు, నడుమ ఒక అడ్డగీత, కింద ఒక వంపు. అంటే ఒకే ఎత్తులో మూడు అడ్డగీతలు పట్టాలి. ఆ మూడింటినీ పక్కనున్న నిలువు గీతలంత లావుగా గీస్తే మధ్యలో ఖాళీకి చోటుండదు. అందుకే లీ వాటిని పలచగా గీశారు. చూసేవాళ్ళకి అంతా ఒకే లావు అనిపిస్తుంది, స్కేలు పెట్టి కొలిస్తే కాదు. ఇరుకు ఫాంట్ తయారుచేయడమంటే ఇదే పని. ఎక్కడ లావు ఉంచాలో, ఎక్కడ తగ్గించాలో, లోపల ఎంత ఖాళీ మిగల్చాలో ఒక్కో అక్షరానికీ విడిగా చూసుకుని గీస్తారు.

మీరు 60 శాతానికి నొక్కినప్పుడు ఈ పనంతా తలకిందులవుతుంది. లెక్క చూడండి. అక్షరంలో నిలువు గీత 20 మిల్లీమీటర్లు, అడ్డగీత 20 మిల్లీమీటర్లు అనుకుందాం. వెడల్పు 60 శాతం చేయగానే నిలువు గీత 12 అవుతుంది. అడ్డగీత 20 దగ్గరే ఉండిపోతుంది. బలం ఉండాల్సిన చోట పోయింది, తగ్గాల్సిన చోట తగ్గలేదు. తెలుగులో ఇది ఇంకా ఘోరంగా కనిపిస్తుంది, ఎందుకంటే మన అక్షరాలన్నీ గుండ్రాలు. గుండ్రం కోడిగుడ్డు అవుతుంది. గుడ్డుకి పక్కలు పలచబడతాయి, నెత్తి, అడుగు మాత్రం లావుగానే ఉంటాయి. ఒక లైను మొత్తం అలా నొక్కితే కంటికి పైనా కిందా రెండు నల్లపట్టీలు కనబడతాయి, మధ్యలో అక్షరం దొరకదు. మీరు ముద్ద అన్నది దాన్నే.

అసలు ఇంగ్లీషువాళ్ళకి ఇరుకు అక్షరాలు ఎందుకు కావలసి వచ్చాయి? పోస్టర్ కాగితం వెడల్పు తక్కువ, మాట పొడవెక్కువ. 19వ శతాబ్దంలో గోడపత్రికల కోసం చెక్క అచ్చులు వచ్చాయి. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలని యంత్రంతో చెక్కే పద్ధతి తెచ్చాక ఎంత పెద్ద అక్షరమైనా చవకగా దొరికింది. లోహంలో అంత పెద్ద అచ్చు పోస్తే బరువు, ఖర్చు రెండూ మోయలేనివి. అయితే అక్షరం ఎత్తు పెంచిన కొద్దీ వెడల్పూ పెరిగి మాట కాగితం దాటిపోతుంది. ఎత్తు ఉండాలి, వెడల్పు ఉండకూడదు. అలా ఒకే ఎత్తులో రకరకాల వెడల్పుల అచ్చులు తయారుచేసి అమ్మారు. 1903లో అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన ఆల్టర్నేట్ గోథిక్, 1954లో స్విస్ డిజైనర్ వాల్టర్ హెటెన్‌ష్వైలర్ గీసిన ష్మాల్‌ఫెటె గ్రొటెస్క్, 1963లో రుద్ది అతికించే అక్షరాల కంపెనీ లెట్రాసెట్ కోసం ఫ్రెడ్ లాంబర్ట్ గీసిన కాంపాక్టా, ఆ తర్వాత ఇంపాక్ట్, అన్నీ ఈ వంశంలోవే.

ఇప్పుడు మీ ఫ్లెక్స్ దగ్గరికి రండి. ఇంగ్లీషులో కబడ్డీకి ఏడు అక్షరాలు. తెలుగులో మూడే: క, బ, డ్డీ. ఏడు అక్షరాలని 20 అడుగుల్లో పట్టిస్తూ ఎత్తు పెంచాలంటే ఇరుకు ఫాంట్ పనికొస్తుంది. మూడు అక్షరాలకి దానితో పనేముంది? మన అక్షరం వెడల్పు దాదాపు దాని ఎత్తంత. మూడడుగుల ఎత్తు పెట్టినా మూడు అక్షరాలూ కలిపి పది పన్నెండు అడుగుల్లో సరిపోతాయి. పక్కన ఇంకా చోటు మిగులుతుంది. మీకు వెడల్పు చాలకపోవడానికి కారణం ఫాంట్ కాదు, మూడు మాటల్నీ ఒకే సైజులో ఒకే లైనులో పెట్టాలనుకోవడం.

తెలుగుకి నిజంగా కావలసింది పైన, కింద చోటు. ఇంపాక్ట్ కొమ్ములూ తోకలూ కత్తిరించి గెలిచింది. మనం గుడులు, ఒత్తులు ఎక్కడ కత్తిరిస్తాం? ‘రాష్ట్రస్థాయి’ అనే మాటనే తీసుకోండి. ష కింద ట ఒత్తు, దానికి తోడు క్రావడి (ర ఒత్తు). స కింద థ ఒత్తు, పక్కన దీర్ఘం. మామూలు లావులోనే ఇక్కడ కిందంతా రద్దీ. అత్యంత లావు ఫాంట్‌లో పెడితే ష లోపలి చిన్న గీత పొట్టలో కలిసిపోతుంది, ట ఒత్తు క్రావడిలో కలిసిపోతుంది. దాన్ని మళ్ళీ నొక్కితే చదివేవాడు అక్షరాలు చూసి కాక, మాటని ఊహించి చదువుకోవాల్సి వస్తుంది.

ఫాంట్ ఎంత లావు వరకు వెళ్ళవచ్చో తేల్చుకోవడానికి నేను ఒక పద్ధతి పాటిస్తాను. ద, థ, ధ అని మూడక్షరాలు పక్కపక్కన టైప్ చేస్తాను. తర్వాత ప, ఫ, ష. థకి లోపల చుక్క, ధకి, ఫకి కింద చిన్న గీత, షకి లోపల గీత. తేడా అంతా ఆ చిన్న వాటిలోనే ఉంది. ప్రింటు సైజుని బట్టి తెర మీద జూమ్ తగ్గించుకుంటూ పోయి, ఈ ఆరు అక్షరాలూ ఆరుగా కనిపించే చివరి లావు ఏదో అక్కడే ఆగిపోతాను. అంతకంటే ఒక్క మెట్టు లావు ఎక్కువైనా ఆ ఫాంట్ ఆ పనికి వద్దు.

ఫాంట్ల పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. తెలుగులో నిజంగా ఇరుకుగా గీసినది కావాలంటే అనేక్ తెలుగు చూడండి. ముంబైకి చెందిన ఎక్ టైప్ వాళ్ళది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వేరియబుల్ ఫాంట్ కాబట్టి లావు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా మీరే జరుపుకోవచ్చు. వెడల్పు 75 దగ్గర పెడితే వచ్చేది నొక్కిన అక్షరం కాదు, ఆ వెడల్పు కోసం విడిగా గీసిన అక్షరం. గీతల లావు చెడదు. ఇదే కుటుంబంలో ఇంగ్లీషు కూడా ఉంది కాబట్టి రెండు భాషలూ పక్కపక్కన పెట్టినా అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. మీ పనికి నా మొదటి ఓటు దీనికే. నోటో సాన్స్ తెలుగులో కూడా ఇరుకు రకాలున్నాయి. శుభ్రంగా ఉంటుంది, కానీ ఆటల పోస్టర్‌కి కావలసిన ఊపు నాకు అందులో కనిపించదు. ఇరుకు అవసరం లేక లావు మాత్రమే కావాలంటే అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర బాగుంటుంది. కాస్త సరదాగా, గుండ్రంగా కావాలంటే బాలూ తమ్ముడు. పిల్లల కార్యక్రమాలకి, స్వీట్ షాపులకి అది చక్కగా కుదురుతుంది.

డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లతోనే పని చేస్తుంటే అందులోనూ లావు రకాలు చాలా ఉన్నాయి, వాటితోనూ ఈ పని అవుతుంది. కాకపోతే అవి యూనికోడ్ కావు. రేపు అదే మేటర్ వాట్సాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పెట్టాలంటే మార్చుకోవాలి, మార్చేటప్పుడు ఒత్తులు తప్పుతుంటాయి. ఆ తప్పులు చూసుకునే ఓపిక ఉంటేనే వాడండి.

ఇంగ్లీషు వైపు ఇంపాక్టే పెట్టాలని లేదు. 1996లో మైక్రోసాఫ్ట్ వెబ్ కోసం ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో ఇంపాక్ట్ ఒకటి. ఆ తర్వాత విండోస్‌తోనూ రావడంతో దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. మీమ్స్ అన్నీ తెల్ల అక్షరం, నల్ల అంచుతో ఇందులోనే ఉండటానికి అదొక ముఖ్య కారణం. ఏ ఫొటో మీద పెట్టినా చదవొచ్చు. కానీ ఇప్పుడు జనం కంటికి ఇంపాక్ట్ కనబడగానే మీమ్ గుర్తొస్తుంది. గంభీరంగా ఉండాల్సిన పోస్టర్‌కి అది నష్టం. దాని బదులు వెర్నన్ ఆడమ్స్ చేసిన ఆంటన్ వాడండి. ఆయనదే ఆస్వాల్డ్ కూడా ఉంది, అది కొంచెం నెమ్మదైనది. అన్నీ పెద్దబడి అక్షరాలే అయితే ర్యోయిచి త్సునెకావా చేసిన బెబాస్ నోయె. పాత పత్రికల రుచి కావాలంటే ఆల్టర్నేట్ గోథిక్ ఆధారంగా వచ్చిన లీగ్ గోథిక్. ఇవన్నీ ఉచితమే.

ఎక్కడ వాడాలి అన్నదానికి నా లెక్క: నాలుగైదు మాటలకు మించని చోట. మ్యాచ్ పోస్టరు, సినిమా టైటిల్, సభ ఫ్లెక్స్‌లో మొదటి లైను, పుస్తకం వెన్ను మీద పేరు, షాపు కిటికీ మీద రేటు. పేరాగ్రాఫ్‌కి, రూల్స్‌కి, అడ్రసుకి వద్దు. పెళ్ళి పత్రికకి అసలు వద్దు, ఆహ్వానం ఆజ్ఞలా మారుతుంది.

అన్నిటికంటే వద్దనేది ఫోన్ నంబరు. కొన్నేళ్ళ కిందట ఒక ట్యూషన్ సెంటర్‌కి వాల్‌పోస్టర్లు వేశాను. కింద ఫోన్ నంబరుని ఇంపాక్ట్‌లో పెట్టి, చోటు చాలక దాన్నీ నొక్కాను. నంబరులో రెండు ఎనిమిదులు, ఒక ఆరు, ఒక మూడు. ఈ మూడు అంకెల మధ్య తేడా ఎంత? పక్కనున్న చిన్న తెరుపు, అంతే. మామూలు కాగితం మీద సిరా కాస్త పాకగానే ఆ తెరుపులు మూసుకుపోయాయి. ఊరంతా అతికించాక తెలిసింది, ఫోన్లు ఇంకెవరికో వెళ్తున్నాయని. అడ్మిషన్ల సీజన్‌లో అది వాళ్ళకి ఎంత నష్టమో నాకు తెలుసు. పోస్టర్లు నా ఖర్చుతో మళ్ళీ వేసిచ్చాను. ఆ రోజు నుంచి నంబర్లన్నీ మామూలు వెడల్పున్న బోల్డ్‌లో, అంకెల మధ్య గాలి ఆడేలా పెడుతున్నాను. మీ ఫ్లెక్స్ మీద నిర్వాహకుల నంబర్లుంటే ఇదొక్కటి తప్పకుండా చేయండి.

ఇక లేఅవుట్. కబడ్డీ అనే మాటని పెద్దగా పెట్టి దూరం నుంచి చూడండి. క, బ రెండింటికీ పైన ఎత్తైన గుర్తులేమీ లేవు, కింద ఒత్తులూ లేవు. డ్డీకి మాత్రం పైన గుడి దీర్ఘం, కింద ఒత్తు. అంటే మాటకి ఎడమ వైపు పైన ఒక ఖాళీ, కింద ఒక ఖాళీ వాటంతట అవే వచ్చాయి. పైన ఖాళీలో, క, బల నెత్తి మీద ‘రాష్ట్రస్థాయి’ని చిన్న సైజులో, ఒక మెట్టు తక్కువ లావులో కూర్చోబెట్టండి. కింద ఖాళీలో తేదీలు. ‘పోటీలు’ని డ్డీ పక్కన మధ్యస్థ సైజులో పెట్టండి. చేతిరాత బోర్డులు రాసే ఆర్టిస్టులు ఇలాగే చేసేవాళ్ళు. మాట ఆకారం చూసి దాని సందుల్లో మిగతా మాటలు ఇమిడ్చేవాళ్ళు. నేను ఈ పని నేర్చుకున్నది వాళ్ళు మెట్ల మీద నిలబడి రాస్తుంటే కింద నుంచి చూసే. ఇంపాక్ట్‌లో అక్షరాలన్నీ ఒకే ఎత్తు కాబట్టి లైను ఇటుక పేర్చినట్టు వస్తుంది. మనకి వచ్చేది రాళ్ళ గోడ. ఒక్కో రాయి ఆకారం చూసి పేర్చాలి, పేర్చాక దాని అందమే వేరు.

లైన్ల మధ్య దూరం విషయంలో ఇంగ్లీషు అలవాటు తెలుగుకి తేకండి. పెద్దబడి అక్షరాలు మాత్రమే ఉన్నప్పుడు లైన్ స్పేసింగ్ 90 శాతానికి తగ్గించినా ఏమీ కాదు. తెలుగులో రెండు లైన్లుంటే నేను 120 శాతం దగ్గర మొదలుపెట్టి, పై లైను ఒత్తులు కింది లైను గుడుల్లోకి దిగకుండా చూసుకుని, అప్పుడు చేత్తో సర్దుతాను.

అంచు గీత కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు పంపిన డిజైన్‌లో తెల్ల అక్షరానికి ఎర్ర అంచు లోపలికి కూడా పాకింది. అక్షరం గీతల లావుని అంచు తినేసింది. కోరల్‌డ్రాలో ఔట్‌లైన్ సెట్టింగ్స్‌లో ‘బిహైండ్ ఫిల్’ పెట్టండి. ఫొటోషాప్‌లో అయితే స్ట్రోక్ పొజిషన్ ‘ఔట్‌సైడ్’. మూలలు గుండ్రంగా పెట్టండి, లేకపోతే మన ఒంపుల చివర ముళ్ళు మొలుస్తాయి. అను ఫాంట్లలో అక్షరం ముక్కలుగా ఉంటుంది. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. అంచు వేయగానే అతుకులు బయటపడతాయి. అందుకని ముందు కర్వ్స్‌లోకి (టెక్స్ట్‌ని గీతల బొమ్మగా) మార్చి, అక్షరం ముక్కలన్నీ వెల్డ్ చేసి (ఒకటిగా కలిపి), ఆ తర్వాతే అంచు వేయండి. కర్వ్స్ చేసేముందు టెక్స్ట్ ఉన్న ఫైలు ఒకటి విడిగా దాచుకోండి. తేదీ మారిందని చివరి నిమిషంలో ఫోన్ రావడం ఖాయం.

రంగుల గురించి పెద్దగా చెప్పేది లేదు. ముదురు మీద లేత, లేత మీద ముదురు. ఎరుపు మీద నీలం మాత్రం వద్దు, లావు అక్షరాల అంచులు కళ్ళలో అదురుతాయి.

సైజుకి సైన్‌బోర్డుల వాళ్ళ లెక్క ఒకటుంది. పదడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు ఉంటే హాయిగా చదవగలరు. రోడ్డు మీద 150 అడుగుల నుంచి చదవాలంటే 15 అంగుళాలు. అది ఇంగ్లీషు పెద్దబడికి చెప్పిన లెక్క. తెలుగులో గుడి నుంచి ఒత్తు దాకా కొలిచి సరిపోయిందనుకోకండి. అసలు అక్షరం ఒళ్ళు, అంటే మీ మాటలో బ ఎత్తు, 15 అంగుళాలకు తగ్గకూడదు. ‘రాష్ట్రస్థాయి’ ఆ సందులో కూర్చున్నాక కూడా ఈ లెక్కకి నిలుస్తుందో లేదో చూసుకోండి.

ప్రింటుకి పంపేముందు ఫ్లెక్స్ మొత్తాన్ని ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింటు తీయండి. 20 అడుగుల ఫ్లెక్స్ దాదాపు ఒక అడుగు వెడల్పుకి వస్తుంది. అంటే ఇరవయ్యో వంతు. దాన్ని గోడకి అతికించి ఐదడుగుల దూరంలో నిలబడితే, రోడ్డు మీద 100 అడుగుల నుంచి చూసినట్టే. ఏడున్నర అడుగులు వెనక్కి వెళ్తే 150 అడుగులు. డిజైన్ మీదే కాబట్టి మీ కళ్ళు ముందే మాటని ఊహించేసుకుంటాయి. అందుకని అది అంతకుముందు చూడని మనిషిని పిలిచి చదవమనండి. వాళ్ళు ష్ట్ర దగ్గర ఆగారంటే ఆ లైనుకి మాత్రమే లావు ఒక మెట్టు తగ్గించి, అదే దూరం నుంచి మళ్ళీ చదివించండి.